తిరుపతి ఎండకు, వానకు తట్టుకునేలా పెరట్లో కోళ్లు పెంచుకోవడం ఎలా

కోళ్లు పెంచాలనుకునేవాళ్లలో చాలామంది ముందు కోళ్లు తెచ్చేసి, గూడు సంగతి తరవాత ఆలోచిస్తారు. నేనూ అలాగే చేశాను. సంతలో ఐదు పెట్టలు నచ్చాయి. బుట్టలో పెట్టుకుని బండి మీద తెచ్చి, మెట్ల కింద పాత జాలీ ఒకటి అడ్డం పెట్టాను. ఇరవై రోజులు బాగానే గడిచింది. ఒకరోజు పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం వెళ్లి వచ్చేలోగా నాలుగు కోళ్లు మెడలు కొరికి పడున్నాయి. ముంగిస గోడ దూకి పోవడం పక్కింటామె చూసిందట. అది ఒక్కదాన్నీ తినలేదు, ఊరికే చంపిపోయింది. మిగిలిన ఒక్క పెట్ట రెండు రోజులు మేత ముట్టలేదు. అప్పటి నుంచి ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఇదే: గూడు పూర్తయి, తలుపుకి గొళ్లెం పడ్డాకే కోడి ఇంటికి రావాలి.

ఎన్ని, ఏ రకం

గూటి లోపల ఒక్కో కోడికి రెండు నుంచి మూడు చదరపు అడుగుల చోటు కావాలి. బయట తిరగడానికి కనీసం పది చదరపు అడుగులు. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న గూడు, దాని ముందు పదడుగులకు ఆరడుగుల ఆవరణ ఉంటే ఆరు కోళ్లు హాయిగా బతుకుతాయి. అవిలాల, తుమ్మలగుంట, కరకంబాడి రోడ్డు వైపు ఇళ్ల వెనక ఈ మాత్రం జాగా చాలామందికి ఉంటుంది. మొదటిసారి అయితే ఆరుతో ఆగండి. "ఎలాగూ పెంచుతున్నాం కదా, ఇంకో నాలుగు తెద్దాం" అనిపిస్తుంది. ఒక ఏడాది గడిచేదాకా ఆ మాట వినకండి. ఇరుకైతే కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, కింద తేమ పెరుగుతుంది, జబ్బు ఒకదానికి వస్తే అన్నిటికీ అంటుకుంటుంది.

పుంజు లేకపోతే పెట్ట గుడ్లు పెట్టదని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. అది నిజం కాదు. పుంజు ఉన్నా లేకున్నా పెట్ట గుడ్డు పెడుతుంది. పుంజు కావాల్సింది పొదగేసి పిల్లల్ని తీయాలనుకున్నప్పుడే. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ల మధ్య తెల్లవారుజామున మూడున్నరకే కూసే పుంజును పెడితే ఇరుగుపొరుగుతో గొడవ తప్పదు. మొదటి ఏడాది పెట్టలు మాత్రమే పెంచండి.

రకం విషయానికొస్తే, నాటుకోడి ఏడాదికి అరవై నుంచి ఎనభై గుడ్లు పెడుతుంది. చురుగ్గా ఉంటుంది, గద్ద నీడ కనిపిస్తే చాలు దాక్కుంటుంది, పొదుగుతుంది, పిల్లల్ని సాకుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే గ్రామప్రియ, వనరాజా అనే రకాలను తయారుచేసింది. గ్రామప్రియ గుడ్ల కోసం. పెరట్లో ఏడాదికి 160 నుంచి 180 దాకా పెడుతుంది. వనరాజా మాంసానికీ గుడ్లకూ పనికొచ్చే రకం, వందకు కాస్త పైగా పెడుతుంది. బరువెక్కువ కాబట్టి ఎగిరి తప్పించుకోవడం దానికి కష్టం. ఈ రెండు రకాలూ సరిగా పొదగవు.

గుడ్ల కోసమే అయితే నాలుగు గ్రామప్రియ, రెండు నాటు పెట్టలు తెచ్చుకోమంటాను. నేను అలాగే పెంచుతున్నాను. నలుగురున్న ఇంటికి సరిపడా గుడ్లు వస్తాయి. నాటు పెట్టలు ప్రమాదాన్ని ముందు పసిగట్టి అరిస్తే మిగతావి కూడా దాక్కోవడం నేర్చుకుంటాయి. రకరకాల కోళ్లను కలిపి పెంచడంలో నాకు కనిపించిన పెద్ద లాభం ఇది.

గూడు కట్టడం

ఖర్చు ఎక్కడైనా తగ్గించుకోండి గానీ గూటి దగ్గర వద్దు.

గూడు పొడవు తూర్పు నుంచి పడమరకు ఉండాలి. అప్పుడు ఉదయం, సాయంత్రం ఎండ పొట్టి వైపులకే తగులుతుంది, పొడుగు వైపు నుంచి గాలి ఆడుతుంది. మామిడి చెట్టో, మునగ చెట్టో ఉంటే దాని కింద కట్టండి. నేల మీద కాకుండా రెండడుగుల ఎత్తులో, ఇటుక దిమ్మెల మీదో ఇనుప కాళ్ల మీదో నిలబెట్టండి. పైన రేకు వేస్తే దాని మీద కొబ్బరి మట్టలో బోదో తప్పకుండా కప్పండి. వట్టి రేకు కింద మే నెల మధ్యాహ్నం చెయ్యి పెట్టి చూస్తే నేనెందుకింతగా చెబుతున్నానో తెలుస్తుంది.

జాలీ దగ్గర చాలామంది మోసపోతారు. అంగట్లో కోళ్ల జాలీ అని అమ్మే ఆరు మూలల గళ్ల పలుచని జాలీ కోడిని లోపల ఉంచగలదు గానీ కుక్కను, పిల్లిని బయట ఆపలేదు. కుక్క రెండుసార్లు పీకితే చిరిగిపోతుంది. వెల్డ్ మెష్ తీసుకోండి, గడి అర అంగుళం మించకూడదు. అంగుళం గడిలోంచి చిన్న పాములు, ఎలుకలు దూరతాయి. ఆవరణ చుట్టూ కూడా అదే జాలీ కట్టి, అడుగున ఒక అడుగు మేర బయటికి మడిచి మట్టిలో పూడ్చండి. పందికొక్కు, ముంగిస తవ్వుకుంటూ వచ్చి ఆ మడత దగ్గర ఆగిపోతాయి. పైన వల కప్పాలి. గద్దలు, కాకులు పిల్లల్ని ఎత్తుకుపోతాయి. కపిలతీర్థం, అలిపిరి వైపు ఉండేవాళ్లకు కోతుల బెడద కూడా ఉంది, అవి గుడ్లు తీసుకుపోతాయి. కొండ కింది కాలనీల్లో చిరుత భయం ఉంటుంది కాబట్టి అక్కడివాళ్లు పొద్దు గుంకక ముందే కోళ్లను మూసేయండి.

తలుపుకి రెండు గొళ్లేలు పెట్టండి, ఒకటి పైన, ఒకటి కింద. సాయంత్రం ఎవరు మూయాలో ఇంట్లో ఒకరి పేరు ఖాయం చేయండి. "నువ్వేశావనుకున్నా" అనుకున్న రాత్రే పిల్లి వస్తుంది.

లోపల రాత్రి కూర్చోవడానికి అడ్డకర్ర కావాలి. కోడికి ఎనిమిది అంగుళాల లెక్కన ఆరింటికి నాలుగడుగుల కర్ర సరిపోతుంది. పైపు వద్దు, కాలి పట్టు జారుతుంది. గుడ్లు పెట్టడానికి అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పెట్టెలు రెండు చాలు. వాటిని అడ్డకర్ర కంటే కిందికి పెట్టండి, లేకపోతే కోళ్లు వాటిలోనే పడుకుని మురికి చేస్తాయి. నేల మీద మూడు నాలుగు అంగుళాల మందాన వరి ఊకో, మన దగ్గర తేలిగ్గా దొరికే చెనక్కాయ పొట్టో పరవండి. చెనక్కాయ పొట్టు మంచిదే గానీ తడిసిందంటే బూజు పడుతుంది, తడి భాగాన్ని ఏరోజుకారోజు తీసేయాలి.

ఎప్పుడు తేవాలి, ఎలా సాకాలి

సంక్రాంతి అయ్యాక తెస్తే అన్ని విధాలా మేలు. వానలు పోయి ఉంటాయి, ఎండలు ఇంకా ముదరవు. అప్పుడు తెచ్చిన ఒక్కరోజు పిల్లలకు మార్చి కల్లా పూర్తి ఈకలు వస్తాయి, ఆరో నెలలో గుడ్లు మొదలవుతాయి. మే నెలలోనూ, నవంబరు వానల్లోనూ పిల్లల్ని తేకండి.

ఒక్కరోజు పిల్లల్ని సాకడం టెన్షన్ అనిపిస్తే ఆరు వారాల పిల్లల్ని తెచ్చుకోండి. ఖరీదు ఎక్కువైనా టీకాలు పడి ఉంటాయి, చావులు తక్కువ. ఏయే టీకాలు ఎప్పుడు వేశారో అడిగి కాగితం మీద రాయించుకోండి. శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం మన ఊళ్లోనే ఉంది. మంచి రకం పిల్లలు ఎక్కడ దొరుకుతాయో అక్కడ అడగొచ్చు, మీ దగ్గరి పశువైద్యశాలలోనైనా చెబుతారు. సంతలో రకరకాల చోట్ల నుంచి వచ్చిన కోళ్ల మధ్య నిలబెట్టి అమ్మేవాటిని మాత్రం కొనకండి.

ఒక్కరోజు పిల్లలే తెస్తే మొదటి వారం వాటికి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. వెడల్పాటి అట్టపెట్టెలో ఊక పోసి, దాని మీద న్యూస్‌పేపర్ పరిచి, పైన అరవై వాట్ల పాతరకం బల్బు వేలాడదీయండి. ఎల్ఈడీ బల్బు వేడి ఇవ్వదు. థర్మామీటర్ కంటే పిల్లలే బాగా చెబుతాయి. బల్బు కింద గుంపుగా ఒకదాని మీద ఒకటి పడుతుంటే చలి. దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడి ఎక్కువ. పెట్టెంతా చెదురుగా తిరుగుతూ తింటుంటే సరిగ్గా ఉన్నట్టు. వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ, బల్బు కొంచెం కొంచెంగా పైకి జరపండి. నీళ్ల గిన్నె లోతుగా ఉంటే పిల్లలు పడి చస్తాయి, అందులో నాలుగు గులకరాళ్లు వేయండి.

మేత

పెద్ద కోడి రోజుకు వంద నుంచి 120 గ్రాములు తింటుంది. ఆరింటికి నెలకు ఇరవై కిలోలు. యాభై కిలోల బస్తా చవకగా వస్తుందని తెచ్చుకోకండి, రెండు నెలలు దాటితే దాణా మగ్గిపోతుంది. పిల్లలకు పిల్లల దాణా, ఎదిగేవాటికి గ్రోయర్, గుడ్లు మొదలయ్యాక లేయర్ దాణా. లేయర్ దాణాలో కాల్షియం ఎక్కువ, అది ఎదిగే పిల్లల మూత్రపిండాలకు చేటు. గుడ్లు రావాలని ముందే పెట్టకూడదు.

దాణా మొత్తం కొనక్కర్లేదు. పెరట్లో తిరిగే కోడి సాయంత్రం గుప్పెడు రాగులో సజ్జలో నూకలో తింటే సంతోషిస్తుంది. మునగాకు, తోటకూర కట్టి వేలాడదీస్తే పొడుచుకు తింటుంది, గుడ్డు సొన రంగు కూడా బాగా వస్తుంది. మిగిలిన సంగటి ముద్ద, అన్నం కొద్దిగా పెట్టొచ్చు. ఉప్పు, నూనె, మసాలా ఉన్న కూరలు వద్దు. పులిసినవి, బూజు పట్టినవి అసలే వద్దు. ముఖ్యంగా చెనక్కాయ చెక్క గురించి జాగ్రత్త. మన జిల్లాల్లో అది ప్రతి ఊళ్లో దొరుకుతుంది, మంచి మాంసకృత్తులున్న మేత. కానీ తేమ తగిలితే అందులో బూజు చేరి ఆఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. కోడి కాలేయం దానికి తట్టుకోలేదు. చెక్క విరిచి వాసన చూడండి. ముక్కిన వాసన వచ్చినా, లోపల పచ్చటి మచ్చ కనిపించినా పారేయండి. కడిగి ఎండబెడితే ఆ విషం పోదు.

గుడ్డు పెంకు పలచబడితే ఆల్చిప్పల పొడిని వేరే గిన్నెలో పెట్టండి. కావాల్సినంత అవే తీసుకుంటాయి.

ఎండాకాలం

తిరుపతిలో మేలో 40 డిగ్రీలు దాటడం మామూలే. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి వగర్చడం, రెక్కలు ఎడంగా పెట్టడం, అంతే దానికి తెలిసిన ఉపాయం. తెరిచిన నోటితో, వాలిన రెక్కలతో ఉన్న కోడిని చూసి "ఎండ కదా" అని వదిలేస్తే సాయంత్రానికి పోతుంది.

మార్చి చివరి నుంచే మేత వేళలు మార్చండి. మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది కాబట్టి తెల్లవారుజామున ఐదింటికి సగం, సాయంత్రం ఐదు దాటాక సగం పెట్టండి. పదకొండు నుంచి నాలుగు దాకా మేత గిన్నె తీసేయండి. నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండాలి. మామూలుగా రోజుకు పావు లీటరు తాగే కోడి ఎండల్లో దానికి రెండింతలు తాగుతుంది. ప్లాస్టిక్ డబ్బా కాకుండా మట్టి మూకుళ్లు రెండు, నీడలో, వేర్వేరు మూలల్లో పెట్టి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీళ్లు మార్చండి. ఒకటే మూకుడైతే బలమైన కోడి మిగతావాటిని దగ్గరికి రానివ్వదు. పశువైద్యశాలలో చెప్పిన ఎలక్ట్రోలైట్ పొడిని పొద్దుటి నీళ్లలో కలపొచ్చు.

గూటికి ఎండ తగిలే వైపు గోనె సంచులు వేలాడదీసి గంటకోసారి తడపండి. గాలి ఆడే వైపు మూయకండి, లోపల ఉక్కపోస్తే తడి సంచులు కీడే చేస్తాయి. చెట్టు కింద నేల ఒక మూల తడిపి ఉంచితే కోళ్లు అక్కడ గుంత చేసుకుని పడుకుంటాయి. సొమ్మసిల్లిన కోడి కనిపిస్తే నీడలోకి తెచ్చి, కాళ్లను, తల మీది జుట్టును మామూలు నీళ్లలో తడపండి. ఐస్ నీళ్లలో ముంచకండి. ఎండల్లో గుడ్లు తగ్గడం, పెంకు పలచబడడం సహజం. దానికని మందులు పోయనక్కర్లేదు.

వానాకాలం

మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు నేల మీద గూళ్లున్నవాళ్లు కోళ్లను పోగొట్టుకున్నారు. రెండడుగుల ఎత్తు అని ముందు చెప్పింది ఇందుకే. వాన జల్లు పడే వైపు పట్టా కట్టండి, పగలు ఎండ వచ్చినప్పుడు ఎత్తేయండి.

కింద పరిచిన ఊకను గుప్పెట్లో పిసికితే ముద్ద కాకూడదు. ముద్దయితే తీసేసి కొత్తది వేయండి. తడి ఊకలో పెరిగే పరాన్నజీవుల వల్ల పిల్లలకు రక్త విరేచనాలు వస్తాయి. రెట్టలో ఎర్రగా కనిపించిన రోజే పశువైద్యుడికి చూపించి మందు తెచ్చుకోండి. ఒక్కరోజు ఆలస్యమైనా పిల్లలు చేజారిపోతాయి.

టీకాలు, జబ్బులు

పెరటి కోళ్లను ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టేది కొక్కెర తెగులు. పచ్చటి, తెల్లటి విరేచనాలు, గురక, మెడ మెలితిరగడం దాని లక్షణాలు. వచ్చాక మందు లేదు, టీకా ఒక్కటే దారి. సాధారణంగా ఐదు నుంచి ఏడో రోజు మధ్య కంట్లో లసోటా అనే కొక్కెర తెగులు టీకా చుక్క, రెండో వారంలో గంబోరో అనే ఇంకో జబ్బుకు టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఎనిమిదో వారంలో కొక్కెర తెగులుకే ఆర్2బి అనే సూది వేస్తారు. కోళ్ల మశూచికి వేరే టీకా ఉంది. మీ దగ్గర ఏ తేదీకి ఏది వేయాలో పశువైద్యశాలలో రాయించుకుని గోడకు అంటించండి.

చిక్కేంటంటే టీకా సీసా వంద, రెండొందల డోసులకు తక్కువ రాదు. తెరిచాక రెండు గంటల్లోపు వాడేయాలి. ఆరు కోళ్లకు ఒక సీసా కొనడం బాధే. వీధిలో కోళ్లున్న ఇళ్లన్నీ కలిసి ఒకే సాయంత్రం వేయించుకోండి. మా వీధిలో అలా మొదలయ్యాక పక్కింటి కోళ్ల నుంచి మా కోళ్లకు జబ్బు వస్తుందన్న భయం కూడా తగ్గింది. సీసాను ఐసు ముక్కల మధ్య పెట్టి తేవాలి. నలతగా ఉన్న కోడికి టీకా వేయకూడదు.

కొత్త కోడి వస్తే మూడు వారాలు వేరే చోట ఉంచి, ఆరోగ్యంగా ఉంటేనే కలపండి. మూలలో కట్టెల బూడిద, ఇసుక, నలిపిన వేపాకు కలిపి పోస్తే కోళ్లు అందులో పొర్లి పేలు వదిలించుకుంటాయి. ఏడాదికి రెండుసార్లు గూటికి సున్నం వేయండి, రక్తం తాగే గోమార్లు చెక్క సందుల్లోనే దాక్కుంటాయి.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. అంతకు ఏడాది ముందు పక్కనున్న నెల్లూరు జిల్లాలోనే వచ్చింది. ఒకేసారి రెండు మూడు కోళ్లు చనిపోతే వాటిని కోయకండి, కాలువలో పారేయకండి, ఎవరికీ ఇవ్వకండి. పశువైద్యశాలకు చెప్పండి, లేదా 1962కు ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేదాకా చేతులకు కవర్లు లేకుండా ముట్టుకోవద్దు.

రెట్ట, వాసన, పొరుగువాళ్లు

రెట్టను రెండు రోజులకోసారి ఎత్తి, ఎండుటాకులతో కలిపి గుంతలో వేసి మూడు నెలలు మగ్గనివ్వండి. పచ్చి రెట్ట మొక్కలకు వేడి, కరివేపాకు చెట్టైనా మాడిపోతుంది. మగ్గిన ఎరువును మల్లె పాదులో వేసి చూడండి. పక్కింటికి వారానికి నాలుగు గుడ్లు పంపండి, ఫిర్యాదులు వాటంతటవే తగ్గుతాయి.

గుడ్లు, పొదగెయ్యడం

గుడ్లను రోజూ రెండు పూటలా తీయండి. పెట్టెలో ఉండిపోతే పగులుతాయి, పగిలినదాని రుచి తెలిసిన కోడి తన గుడ్లు తానే తింటుంది. నిల్వ చేసేవాటిని కడగకండి, పెంకు మీద ఉండే సహజమైన పొర పోతుంది. మురికి ఉంటే పొడి గుడ్డతో తుడిచి, వాడే ముందు కడగండి. పెరటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరు మధ్య) మన వైపు చాలా ఇళ్లలో గుడ్డు ముట్టరు కాబట్టి బాగా మిగులుతాయి. ఫ్రిజ్‌లో పెడితే నెలపాటు నిలుస్తాయి.

రెండో ఏడాది పొరుగువాళ్లు ఒప్పుకుని పుంజు తెచ్చుకుంటే పిల్లల్ని తీయొచ్చు. నాటు పెట్ట గుడ్లు పెట్టడం ఆపి, పెట్టె వదలకుండా కూర్చుని, దగ్గరికి పోతే ఈకలు నిక్కించి కొరకొరమంటే పొదుగుకు వచ్చినట్టు. వారం లోపు పెట్టిన, పగుళ్లు లేని గుడ్లు పదో పన్నెండో దాని కింద పెట్టండి. చీకటిగా, చల్లగా ఉండే మూల చూసి గంప పెట్టి, మేత, నీళ్లు దగ్గర్లో ఉంచండి. రోజుకోసారి అది లేచి తిని రెట్ట వేసి వస్తుంది. లేవకపోతే మీరే ఎత్తి దించండి.

ఏడో రోజు రాత్రి ఫోన్ టార్చ్ మీద గుడ్డు పెట్టి చూడండి. ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తే పిల్ల పెరుగుతోంది. ఏమీ కనిపించకుండా తేటగా ఉంటే తీసేయండి. పద్దెనిమిదో రోజు నుంచి ముట్టుకోకండి. ఇరవై ఒకటో రోజు పెంకు మీద చిన్న పగులు వస్తుంది. అది వచ్చాక పిల్ల బయటపడడానికి పగలంతా పట్టొచ్చు, మధ్యలో ఆగిపోయినట్టు కూడా కనిపిస్తుంది. పెంకు ఒలిచి సాయం చేయాలనిపిస్తుంది, చేయకండి. నరాల్లో రక్తం ఇంకా పిల్ల ఒంట్లోకి చేరుతుంటుంది, ఒలిస్తే రక్తస్రావమై చచ్చిపోతుంది. బయటికి వచ్చిన పిల్లకు పొట్టలో మిగిలిన సొనే మొదటి రోజంతా ఆహారం. తడి ఆరి, తల్లి రెక్క కింది నుంచి తల బయటపెట్టి చూసేదాకా దాన్ని అక్కడే ఉండనివ్వండి.